సముద్రం ఒడ్డు నుంచి చేనుకి నీళ్లు

ముందుగా ఒక మాట. నేను చెప్పబోయే దాంట్లో ప్రతి అక్షరం నిజం. దేవుడి మీద ఒట్టు వేస్తే మా ఊళ్లో ఎవరూ నమ్మరు; ఆ ఒట్టు నేను ఎడాపెడా వాడి అరగదీశాను. అందుకని మా కారం మరలో పొద్దుటి నుంచీ ఎండుమిరపకాయలకు తొడిమలు తీసిన ఈ కుడిచేతి మీద ప్రమాణం చేస్తున్నాను. ఒక్క అబద్ధం దొర్లినా ఇదే చెయ్యి కడుక్కోకుండా రెండు కళ్లూ నులుముకుంటాను. మా వైపు మిరపకాయ సంగతి తెలిసినవాళ్లకు ఇంతకన్నా పెద్ద ప్రమాణం లేదని తెలుసు.

మా అక్కాబావలది మా ఊరే. వాగు అవతల నల్లరేగడిలో వాళ్లకు మిరప చేను ఉంది. నల్లరేగడి ఎలాంటిదంటే, తాగిన నీళ్లు తొందరగా వదలదు. మిరప అందుకు పూర్తిగా ఎదురు. పాదాల దగ్గర నీళ్లు ఒక పూట నిలిస్తే చాలు, మర్నాటికి తల వాల్చేస్తుంది. ఆ తర్వాత ఏ మందు కొట్టినా లేవదు. ఈ కథ జరిగిన ఏడాది నారు చచ్చిపోయి, మళ్లీ పోస్తే అదీ చచ్చిపోయి, మూడోసారి అక్కే ఇంటి పెరట్లో నారు పోసింది. పొద్దునా సాయంత్రం దాని మీద గోనెపట్టాలు కప్పుతూ తీస్తూ, చంటిబిడ్డకు చేసినట్టు చేసింది. ఆ నారే చేనుగా ఎదిగి, మాఘమాసానికి కాయ ఎర్రబారడం మొదలుపెట్టింది. దారినపోయేవాళ్లు ఆగి చూసి వెళ్తుంటే అక్క లోపల పొంగిపోతూ, పైకి మాత్రం "ఏముందిలే, ఏదో ఉంది" అనేది.

చేను అక్కదైతే మోటారు బావది. మోటారు గదిలో గోడకి ఒక పెట్టె బిగించారు. ఆ పెట్టెలో ఒక సిమ్ము ఉంటుంది. ఇంట్లో మంచం మీద పడుకుని ఆ నంబరుకి ఫోన్ చేస్తే అవతల ఒక ఆడగొంతు పలుకుతుంది. మోటారు వేయడానికి ఒకటి నొక్కమంటుంది, ఆపడానికి రెండు నొక్కమంటుంది. నొక్కగానే "మీ మోటారు ఆన్ అయినది" అని ఎంతో మర్యాదగా చెబుతుంది. అది బిగించిన రోజు నుంచి బావకు వాగు దాటడం తగ్గిపోయింది, పొట్ట పెరిగింది. ఆ గొంతు విన్నాక ఆయన "సరేనమ్మా, ఉంటాను" అని చెప్పి మరీ ఫోన్ పెట్టేసేవాడు.

"నాతో పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారైనా ఇలా చెప్పి వెళ్లారా ఈయన?" అని అక్క నన్నడిగేది.

"ఆవిడ ఒకటి నొక్కితే ఒక పని చేస్తుంది. నువ్వు ఏది నొక్కినా అరుస్తావు" అనేవాడు బావ.

ఇక గట్టు పక్కాయన. బావ చేనుకి దిగువన, వాగుకి ఎగువన ఆయన పత్తి చేను. రెండింటికీ మధ్య ఒకటే గట్టు. ఆయన సాయిబుల ఇంటివాడు. బావా ఆయనా ఒకే బడిలో ఒకే పంతులు చేత తన్నులు తిన్నవాళ్లు. ఒకళ్లనొకళ్లు 'ఒరేయ్' తప్ప వేరే పేరుతో పిలిచి ఎరగరు. ఆయన భార్య మా అక్కని వదినా అంటుంది. రంజాన్‌కి వాళ్లింటి నుంచి సేమ్యా గిన్నె వస్తుంది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్నది మా ఆడవాళ్ల పట్టింపు, కాబట్టి అదే గిన్నెలో అక్క పండుమిరప పచ్చడి పెట్టి పంపిస్తుంది.

ఫోన్ పెట్టె వచ్చిన కొత్తలో బావ ఒకరోజు మోటారు వేసి, నిద్రపోయాడు. నీళ్లు గట్టు పొర్లి, తీతకొచ్చిన పత్తిలోకి దిగాయి. ఏరి కుప్ప పోసిన పత్తి కూడా తడిసి పచ్చబడింది. ఆయన వాగు దాటి వచ్చి వీధిలో నిలబడి నాలుగు అరుపులు అరిచాడు. అప్పుడే బావ పొరపాటైందని ఒక్క మాట అంటే సరిపోయేది. బావ ఏమన్నాడు? "వాన పడి తడిస్తే ఎవరింటి ముందుకెళ్లి అరుస్తావురా?" అన్నాడు.

అంతే. ఆ రోజుతో ఒరేయ్‌లు పోయి 'ఆయన గారు' వచ్చారు. మా వైపు ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు గారు అనుకుంటున్నారంటే వ్యవహారం చాలా దూరం వెళ్లిందని అర్థం.

మాటలు లేవు గానీ పోట్లాట ఆగలేదు. అది ఫోన్లోకి వెళ్లింది. పొద్దున్నే బావ తన స్టేటస్‌లో ఒక గులాబీ పువ్వు పెట్టి, కింద 'కాలం మారింది, కొందరు మారరు, శుభోదయం' అని రాసేవాడు. కాసేపటికి గట్టు పక్కాయన తన పాత ఇనప స్టార్టరు ఫోటో పెట్టి, 'నా చేనుకి నేనే నడుస్తా, నా నీళ్లు నేనే కడతా' అని రాసేవాడు. ఊరంతా టీ తాగుతూ ఆ రెండూ చూసి, ఆ రోజు ఎవరిది పైచేయో తేల్చేది. ఇలా రెండేళ్లు. ఈ రెండేళ్లూ గిన్నె మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, ఎందుకంటే ఆడవాళ్లకు స్టేటస్‌లు చదివే తీరిక లేదు.

బావ ఇంకో పని కూడా చేశాడు. మోటారు గదికి ఇనప తలుపు పెట్టించి, గుప్పెడంత తాళం వేశాడు. ఆ పెట్టె తన ఒక్కడి నంబరుకే పలికేలా కట్టించుకున్నాడు. "ఎవరైనా వచ్చి ఆపేస్తే?" అన్నాడు. ఎవరైనా అంటే ఎవరో నాకూ తెలుసు, అక్కకీ తెలుసు, గట్టు పక్కాయనకి అందరికంటే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తపట్నంలో బావకొక స్నేహితుడున్నాడు. వేట పడవ ఉంది ఆయనకి. ఆ మాఘంలో వాళ్లమ్మాయి పెళ్లయితే మర్నాటి విందుకి అక్కనీ బావనీ నా పాత కారులో తీసుకెళ్లాను. ఇసకలో పందిరి, పందిరి కింద అరిటాకులు, ఆకుల మీద పీతల కూర. పక్కనే సముద్రం హోరు. ఇంత మంచి చోట బావ నోరు మూసుకుని తింటే ఈ కథ లేదు.

పక్క విస్తళ్ల వాళ్లు వ్యవసాయం ఎలా ఉందని అడిగారు. బావ ఎంగిలిచెయ్యి అలాగే ఉంచి, ఎడమచేత్తో ఫోన్ తీశాడు.

"ఇంత సముద్రం ముందు కూర్చున్నారు, ఒక్క మొక్కకి నీళ్లు పెట్టలేరు మీరు. నేను చూడండి. ఇక్కడ పీత కొరుకుతూ, ఎక్కడో మార్టూరు అవతల ఉన్న నా చేను తడుపుతా."

"నిన్ననే తడి పెట్టాంగా, ఇప్పుడా ప్రదర్శన దేనికండీ?" అంది అక్క.

"అయిదే అయిదు నిమిషాలే. మోటారుకి కాస్త ఒళ్లు కదలాలి" అని స్పీకరు పెట్టి ఒకటి నొక్కాడు. "మీ మోటారు ఆన్ అయినది" అని ఆవిడ పందిరంతా వినిపించేలా పలికింది. విందుకి వచ్చిన ఒక ముసలాయన చేతులు జోడించాడు. బావ మరో పీత వేయించుకున్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి, ఆపుదామని ఫోన్ చేశాడు. వేరే గొంతు పలికింది. మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు అంది.

"ఇందాక మాట్లాడినావిడ ఏమైంది?" అంది అక్క.

"ఈవిడ ఆవిడ కాదే, వేరే ఆవిడ."

"ఎంతమందిరా మీ బావకి?" అని నా వైపు తిరిగింది గానీ, ఆ నవ్వు ఆమె మొహం మీద ఎక్కువసేపు నిలవలేదు. నిన్న పెట్టిన తడి ఆమెకి గుర్తుంది.

బావ మళ్లీ చేశాడు. మళ్లీ అదే మాట. లోపం తన ఫోన్‌లో ఉందనుకుని సిమ్ము తీసి నా ఫోన్‌లో వేశాడు, తర్వాత పెళ్లికొడుకు ఫోన్‌లో వేశాడు. వంటవాడి ఫోన్‌లో కూడా వేశాడు. అందుబాటులో లేదు. అప్పుడెవరో పడవల దగ్గర నుంచి, "లోపలికి పోతే సిగ్నల్ బాగుంటదండీ, మేము వేటకెళ్లినప్పుడు అక్కడి నుంచే ఇంటికి మాట్లాడతాం" అన్నారు.

పట్టుపంచె మోకాళ్ల పైకి మడిచి బావ పడవెక్కాడు. ఆయన స్నేహితుడు మర తిప్పాడు. అలలు దాటాక, బావ పడవ ముక్కు మీద నిలబడి, హారతి పట్టినట్టు ఫోన్ ఆకాశానికి ఎత్తాడు. అది చూడటానికి పందిరిలో ఆకుల ముందున్నవాళ్లు కూడా లేచి ఒడ్డుకి వచ్చారు. వలలో మిగిలిపోయిన పీత ఒకటి, తన వాళ్లని తిన్నవాడు ఇతనేనని ఎలా పోల్చుకుందో గానీ, వచ్చి బావ కుడికాలి బొటనవేలు పట్టుకుంది. సముద్రం మీద నుంచి ఒక కేక వినిపించింది. ఫోన్ కలిసిందని మేమంతా చప్పట్లు కొట్టాం.

బావ కుంటుకుంటూ ఒడ్డు దిగేసరికి, మా ఊరి పాలకేంద్రం ఆయన విందుకి ఆలస్యంగా వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఏం ఫోన్లయ్యా, మన వైపు అన్నీ చచ్చి కూర్చున్నాయి. రోడ్డు వెడల్పు చేసే మిషను భూమిలో కేబులేదో తెంపేసిందంట. ఏ ఫోనూ మోగట్లేదు, ఎప్పుడొస్తదో ఎవరికీ తెలీదు."

"మరి కరెంటు?" అన్నాడు బావ.

"కరెంటు దివ్యంగా ఉంది. ఇవాళ అసలు పోలేదు."

రోజుకి నాలుగుసార్లు పోయే కరెంటు. పోయినప్పుడల్లా బావ నోటికొచ్చినట్టు తిట్టే కరెంటు. ఆ రోజు కారు ఎక్కుతూ ఆయన కళ్లు మూసుకుని, కరెంటు పోవాలని మొక్కుకున్నాడు.

దారి పొడుగునా ముందు సీట్లో బావ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒంగోలు దాటాం. వెనక సీట్లో అక్క తాంబూలం సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. మార్టూరు దగ్గర నల్లరాయి దిమ్మ వేసుకుని ఒక లారీ మా ముందు నత్తలా నడుస్తోంది. దాని వెనక ఇరుక్కున్నప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "ఇప్పుడిప్పుడే ఎర్రబడుతోందిరా కాయ."

బావ ఫోన్ జేబులో పెట్టేశాడు. ఆ తర్వాత మళ్లీ తియ్యలేదు.

ఇంకాస్త ముందుకెళ్లేసరికి నా ఫోన్‌లో కూడా సిగ్నల్ గీతలన్నీ పోయాయి. రోడ్డు పక్కన జనం డాబాల మీదా ట్రాక్టర్ల మీదా ఎక్కి ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. టీకొట్టు ముందు గొడవ జరుగుతోంది. ఎవరి జేబులోనూ చిల్లర లేదు, ఫోన్ చూపిస్తే కొట్టువాడు టీ ఇవ్వనంటున్నాడు. మామూలు రోజైతే ఆగి రెండు మాటలు వేసి, ఒక కథ మూటగట్టుకుని వచ్చేవాణ్ణి. ఆగలేదు.

వాగు దగ్గర కారు వదిలేశాం. అవతలి ఒడ్డు ఎక్కకముందే మోటారు మోత వినిపించింది. బావ పట్టుపంచె తడుస్తున్నా చూసుకోకుండా, కుంటికాలితో పరిగెత్తాడు. తాళం తీసి లోపలికి దూకి మోటారు కట్టేశాడు. మోత ఆగిపోయాక చేనంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. నీళ్లు మాత్రం ఎక్కడో గలగలా పారుతున్నాయి.

బావ బయటికొచ్చి చూశాడు. చేను దిగువ మూల గట్టు తెగి ఉంది. మనిషి పట్టేంత గండి.

"గండి కొట్టాడు! చూశావురా, మనం ఊళ్లో లేం కదాని గట్టుకి గండి కొట్టాడు!"

"కాసేపు నోరు ముయ్యండి" అంది అక్క. అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు. "నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి."

చూశాం. మిరప సాళ్లలో నిండిన నీళ్లన్నీ ఆ గండిలోంచి దిగి, గట్టు పక్కాయన పత్తి చేను మధ్యలో కొత్తగా తవ్విన పిల్లకాలవ వెంట వాగులోకి పోతున్నాయి. కాలవకి రెండువైపులా పత్తి చేను బురద బురదగా ఉంది. చివరి తీత పత్తి ఇంకా చెట్ల మీదే తెల్లగా ఉంది. రాలింది రాలినట్టే బురదలో ఉంది. ఏ నీళ్లు తన చేలోకి వచ్చాయని రెండేళ్లు మాట్లాడలేదో, ఆ నీళ్లకు తనే దారి తవ్వి ఇచ్చాడు. అటు చివర గట్టు మీద, పార పక్కన పెట్టుకుని, మోకాళ్ల దాకా మట్టితో ఆయన కూర్చుని ఉన్నాడు.

మమ్మల్ని చూసి లేవలేదు. బావ వైపు చూడకుండా అక్కతో మాట్లాడాడు.

"చెల్లెమ్మా, మీ ఆయన గారి తాళం నేను ముట్టుకోలేదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పీకుదామంటే అది అందరి మోటార్లదీ, పైగా పోయినేడు ఒకడు చేతులు కాల్చుకున్నాడు. గట్టంటే ఇద్దరిదీ కదా. అందుకని గట్టు కొట్టాను."

అక్క చీరకుచ్చెళ్లు ఎత్తిపట్టి మిరప సాళ్లలోకి దిగింది. వంగి, మొక్కల మొదళ్ల దగ్గర వేళ్లు పెట్టి చూస్తూ, ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లింది. మేం ముగ్గురం గట్టు మీంచి ఆవిడనే చూస్తున్నాం. దిగువ మూల దగ్గర కాసేపు ఎక్కువగా ఆగింది.

"ఈ మూల కాస్త పోతుంది. మిగతాది నిలబడుతుంది" అంది.

బావ నా వైపు తిరిగి అన్నాడు: "ఒరేయ్, ఆయన గారికి పత్తి చివరి తీత ఉంది కదా, అంత బురద చేసుకున్నాడేంటో అడుగు."

నేను అడగడానికి నోరు తెరిచాను. అవసరం లేకపోయింది. రెండేళ్ల తర్వాత గట్టు పక్కాయన తిన్నగా బావ మొహంలోకి చూశాడు.

"నీ మిరప చచ్చిపోతే, రేపు పొద్దున్నే నేను స్టేటస్ ఎవరి మీద పెట్టనురా?" అన్నాడు.

బావ పట్టుపంచెతో సహా వెళ్లి ఆయన పక్కన బురదలో కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు తెగిన కేబులు అతికించినట్టున్నారు. నలుగురి ఫోన్లూ ఒక్కసారి కూతలు మొదలుపెట్టాయి. మధ్యాహ్నం నుంచి దారిలో ఆగిపోయినవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. బావ అలవాటుకొద్దీ ఫోన్ తీసి చూశాడు. గట్టు పక్కాయన చెయ్యి అడ్డం పెట్టబోయాడు గానీ ఆలస్యమైపోయింది.

ఆయన స్టేటస్ అప్పుడే వచ్చింది. నీళ్లు నిండిన మా మిరప సాళ్ల ఫోటో. కింద: 'వేలితో వ్యవసాయం చేసే దొరగారికి నీటి నమస్కారం.'

"అది... అది మధ్యాహ్నం పెట్టింది" అన్నాడు గట్టు పక్కాయన. "ముందు అదే పెట్టాను. ఎంతసేపు చూసినా తిరుగుతూనే ఉంది, పోదే! అప్పుడే తెలిసింది, ఫోన్లు పోయాయని. అంటే మీ ఫోన్‌కీ మోటారు ఆగదు, వచ్చి ఆపేవాడూ లేడని. అప్పుడు పార తీసుకున్నా."

అందరికంటే ముందు నవ్వింది అక్క. సాళ్ల మధ్య నిలబడి, ఒక చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి ఇద్దరు మగవాళ్లూ నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు కాదు, ఇద్దరూ కలిసే.

బురదలో పత్తి తియ్యడానికి కూలీలు ఒప్పుకోలేదు. మేం దిగాం. అక్క ఆజ్ఞ. బావ నడుముకి సంచి కట్టుకుని, పీత కరిచిన వేలికి గుడ్డ చుట్టుకుని, వంగలేక వంగుతూ పత్తి తీశాడు. పక్క సాలులో గట్టు పక్కాయన, "పొట్ట అడ్డమొస్తోందా? ఒకటి నొక్కు, అదే వంగుద్ది" అంటూ ఉన్నాడు. నేను కూడా తీశాను, కాకపోతే నా సంచి ఎందుకో ఎప్పుడూ సగమే నిండేది.

ఆ రంజాన్‌కి సేమ్యా గిన్నె వచ్చింది. అక్క దాన్ని కడిగి, పచ్చడి పెట్టి, పచ్చడి మీద మూత పెట్టి, మూత మీద మోటారు గది రెండో తాళంచెవి పెట్టి పంపింది. ఆ తాళంచెవి ఇప్పుడు గట్టు పక్కాయన మోటారు గదిలో, ఆ పాత ఇనప స్టార్టరు పక్కన మేకుకి వేలాడుతోంది. స్టేటస్‌లు మానేశారనుకునేరు. మానలేదు. ఇవాళ పొద్దున కూడా గులాబీ వచ్చింది.

ఇప్పుడు ప్రమాణం సంగతి.

పడవ మీద హారతి మీరు నమ్మరని నాకు తెలుసు. అది నిజం. పీత అంతకన్నా నిజం. అనుమానం ఉంటే బావ కుడికాలి బొటనవేలు ఇప్పటికీ ఉంది, వచ్చి చూసుకోండి. వంటవాడి ఫోన్ కూడా నిజమే. నేను కల్పించింది ఒక్కటే. 'నీ మిరప చచ్చిపోతే నేను స్టేటస్ ఎవరి మీద పెట్టనురా' అని గట్టు పక్కాయన ఆ రోజు అనలేదు. అసలు ఎవరూ ఏమీ అనలేదు. బావ వెళ్లి ఆయన పక్కన బురదలో కూర్చున్నాడు. ఆయన వాగు వైపు చూశాడు, బావ తన కాళ్ల వైపు చూశాడు. ఫోన్లు మోగేదాకా అలాగే కూర్చున్నారు. మర దగ్గర ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు అక్కడ మరీ బోసిగా అనిపించి, ఆ మాట నేనే పెట్టాను.

మొన్న ఇద్దరూ కలిసి కారం పట్టించుకోవడానికి వచ్చారు. అక్కడున్నవాళ్లతో బావ, "ఆ రోజు వీడు ఏమన్నాడో తెలుసా?" అని మొదలుపెట్టి, అక్షరం పొల్లుపోకుండా ఆ మాటే చెప్పాడు. గట్టు పక్కాయన ఏ మాత్రం తడుముకోకుండా, "అన్నాను మరి, అననా?" అన్నాడు.

కాబట్టి కళ్లు నులుముకోవాల్సింది నేనొక్కణ్ణేనా, మేం ముగ్గురమా అన్నది తేలాలి. అది తేలేలోపు నేను వెళ్లి ఈ చెయ్యి కడుక్కుని వస్తాను.